కొండా, ఊరూ, మధ్యలో కెమియో షాపూ: క్రూజ్ టూర్లు అమ్మే మన ట్రావెల్ ఏజెంట్లకు బహిరంగ లేఖ

హైదరాబాదు, విజయవాడ, విశాఖల నుంచి మధ్యధరా క్రూజ్ ప్యాకేజీలు నడిపే ట్రావెల్ ఏజెంట్లందరికీ నమస్కారం.

మీలో ఎవరి దగ్గర టికెట్ కొన్నానో చెప్పను. చెప్తే మిగతావాళ్ళంతా ‘హమ్మయ్య, మనం కాదు’ అనుకుని ఈ ఉత్తరం పక్కన పడేస్తారు. జూన్‌లో అమ్మనీ నాన్ననీ తీసుకుని ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్ళాను. తిరిగొచ్చాక మరో నలుగురు ఏజెంట్ల బ్రోచర్లు తెప్పించుకుని చూశాను. ఇటలీలోని నేపుల్స్ రోజు దగ్గరికొచ్చేసరికి అందరిదీ ఇంచుమించు ఒకటే మాట: వెసూవియస్ అగ్నిపర్వతం మీద ఈజీ వాక్, పాంపే శిథిలాల సందర్శన, లంచ్‌తో సహా. అందుకే ఈ ఉత్తరం అందరికీ.

నేనూ ఆ మాట చూసే కొన్నాను, దాచుకోవడం ఎందుకు. ఒకే రోజులో అగ్నిపర్వతం, అది పూడ్చేసిన ఊరూ. ఒక్క దెబ్బకి రెండు పిట్టలు అనుకున్నాను. సాయంత్రం నౌక ఎక్కేసరికి మా పని రెంటికీ చెడ్డ రేవడి అయింది.

ఆ రోజు లెక్కంతా నాన్న దగ్గర ఉంది. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు. బస్సెక్కిన టైమూ దిగిన టైమూ ఏదో ఒక కాయితం వెనకాల రాసుకోకపోతే ఆయనకి తోచదు. ఉదయం 8:30కి రేవు గేటు దగ్గర అందరం కలిశాం. బస్సు కదిలింది 8:55కి. కొండ మీద పార్కింగ్‌కి 10:05కి చేరాం, 11:25కి మళ్ళీ బస్సులో ఉన్నాం. 11:55 నుంచి 12:35 వరకు కెమియో షాపు, అంటే గవ్వల మీద బొమ్మలు చెక్కి అమ్మేది. 12:50 నుంచి 2:00 దాకా భోజనం. పాంపే గేటు దగ్గర దిగింది 2:20కి, లోపల అడుగుపెట్టింది 2:40కి, బయటికొచ్చింది 3:55కి. రేవుకి 4:50.

అన్నీ కూడితే 500 నిమిషాలు. అందులో పాంపేకి దక్కినవి 75. ‘నూటికి పదిహేను. ఫెయిల్’ అని కాయితం మడిచి జేబులో పెట్టుకున్నారు నాన్న.

పాంపే అంటే నాలుగు కూలిన గోడలు కాదు. ప్రాకారం లోపల 66 హెక్టార్లు, మన లెక్కలో 160 ఎకరాల పైమాటే. 1748 నుంచి తవ్వుతూనే ఉన్నారు, ఇప్పటికీ మూడోవంతు నేల కిందే ఉంది. బయటపడిన భాగాన్నే తీరిగ్గా చూడాలంటే ఒక రోజు చాలదు. దానికి మీరు ఇచ్చింది 75 నిమిషాలు. టోరె డెల్ గ్రెకో ఊళ్ళో ఆ కెమియో షాపుకి మాత్రం 40. కెమియో పని గొప్పదే, ఆ ఊరు దానికి తరతరాలుగా పేరుపడ్డదే, కాదనను. బ్రోచర్లో ఆ షాపు పేరు ఎక్కడా లేదేం మరి? మీకు కమీషన్ వస్తుందో రాదో నాకు తెలియదు. వచ్చినా తప్పు పట్టను, వ్యాపారం చేస్తున్నారు. ఆ 40 నిమిషాలు మా దగ్గర అడిగి తీసుకోవలసింది.

ఇక ఆ ‘ఈజీ వాక్’ సంగతి.

బస్సు వెళ్ళేది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తుదాకా. అక్కణ్ణుంచి క్రేటర్, అంటే కొండ నెత్తిన ఉన్న గుంట, అంచుకి నడకే, వేరే దారి లేదు. వెసూవియస్ మొత్తం ఎత్తు 1281 మీటర్లు. జనాన్ని శిఖరం దాకా పంపరు గానీ, అంచు చేరడానికే నూట యాభై మీటర్ల పైచిలుకు ఎక్కాలి. అంటే యాభై అంతస్తులు. మనవాళ్ళకి ఇలాంటి మాట చెప్తే నవ్వుతారు. అలిపిరి నుంచి తిరుమల నడిచినవాళ్ళం, మోకాళ్ళ పర్వతం చూసినవాళ్ళం, ఇదెంత అంటారు. నేనూ అన్నాను. కానీ మెట్టు కదలదు కదండీ. ఇక్కడ కాలికింద నేలే జారుతుంది. దారంతా బూడిదరంగు కంకర, దాని మీద పిండిలాంటి దుమ్ము. ఒక అడుగు పైకి వేస్తే అర అడుగు వెనక్కి వస్తాం. దిగేటప్పుడు ఇంకా కష్టం, మడమ ఆనదు. పక్కన పట్టుకోవడానికి ఉన్న కమ్మీ కూడా దారి పొడుగునా ఉండదు.

అమ్మకి అరవై ఎనిమిది. కుడి మోకాలు అరిగిందని డాక్టర్ చెప్పి రెండేళ్ళయింది. ఈజీ వాక్ అన్నారు కాబట్టి చీర, కట్టు చెప్పులు. దారి మొదట్లో ఒకాయన నడిచే కర్రలు ఇస్తున్నాడు, దిగి వచ్చాక మనకి తోచింది చేతిలో పెట్టాలి. కర్ర పుచ్చుకుని మొదటి మలుపు దాకా వచ్చింది. అక్కడ చెప్పులో కంకర దూరి, ఒంటి కాలి మీద నిలబడి దులుపుకోబోయి తూలింది. వెనకాల ఎవరో జర్మన్ ఆయన పట్టుకోబట్టి సరిపోయింది. ‘మీరు వెళ్ళి రండే, నేను బస్సులో కూర్చుంటా’ అని వెనక్కి తిరిగింది.

బస్సుకి తాళం. డ్రైవర్ కాఫీకి వెళ్ళాడు. అమ్మ గంటకి పైగా ఎండలో పార్కింగ్ గోడ మీద కూర్చుంది. టాయిలెట్‌కి వెళ్ళాలంటే చిల్లర కావాలి, చిల్లర పర్సు నా దగ్గర, నేను కొండ మీద. ఇది చిన్న విషయమే. కానీ మా గ్రూపులో ఉన్న ముప్ఫై ఇద్దరిలో అరవై దాటినవాళ్ళు పందొమ్మిది మంది. యూరప్ క్రూజ్‌కి వెళ్ళే తెలుగువాళ్ళంటే ఎక్కువమంది పిల్లలు పంపే అమ్మానాన్నలేనని నాకంటే మీకే బాగా తెలుసు. పందొమ్మిది మందిలో పదకొండు మంది ఆ గోడ మీదే కూర్చున్నారు. వాళ్ళలో ఒక్కరికైనా బుకింగ్ రోజున ఈ కంకర ఫొటో చూపించారా?

ఒకప్పుడు ఈ ఇబ్బంది లేదు. 1880లో ఈ కొండకి తాళ్ళతో లాగే రైలు పెట్టారు, అందులో కూర్చుని పైదాకా వెళ్ళేవాళ్ళు. 1944 మార్చిలో వెసూవియస్ చివరిసారి పేలినప్పుడు దాన్ని మింగేసింది. తర్వాత కుర్చీలిఫ్ట్ ఒకటి కొన్నేళ్ళు నడిచింది, 1984లో అదీ ఆగిపోయింది. ఇప్పుడు కాళ్ళే దిక్కు.

పైకి ఎక్కగలిగినవాళ్ళకి అది మామూలు దృశ్యం కాదు, ఆ మాటా చెప్పాలి. అర కిలోమీటరుకి కాస్త తక్కువ వెడల్పు, 300 మీటర్ల లోతు గుంట. లోపలి గోడల మీద అక్కడక్కడా సన్నగా ఆవిరి, ఇడ్లీ పాత్ర మూత వారగా తీసినట్టు. ఇవతల తిరిగితే నేపుల్స్ అఖాతం మొత్తం, మనం దిగిన నౌక అగ్గిపెట్టంత. కొండ చుట్టూ కిందంతా ఇళ్ళే. పేలితే ముందుగా ఖాళీ చేయించాల్సిన రెడ్ జోన్‌లో ఆరేడు లక్షల మంది ఉంటారు. ద్రాక్షకీ టమాటాకీ ఆ నేల అంత బాగుంటుంది మరి.

మా టూర్ మేనేజర్ ఆ గుంట చూపించి ‘పాంపేని పూడ్చేసింది ఇదే’ అన్నారు. పాపం ఆయన కుర్రాడు, ఎవరో చెప్పింది చెప్పాడు. నిజానికి ఈ గుంటకి ఇప్పుడున్న రూపం ఇచ్చింది 1944 పేలుడు. పాంపేని పూడ్చేసిన క్రీ.శ. 79లో ఉన్న కొండ వేరు. పక్కన అర్ధచంద్రాకారంలో కనిపించే సోమ్మా అనే గట్టు ఆ పాత కొండలో మిగిలిన ముక్క. ఇప్పుడు మనం ఎక్కే శంకువు చాలావరకు ఆ తర్వాత దాని ఒళ్ళో పెరిగింది. ఈ సంగతి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. చెప్తే మధ్యాహ్నం ఊరు చూసేటప్పుడు అది వేరేగా కనిపిస్తుంది.

కొండనీ ఊరినీ ఒకే రోజులో కలపొద్దని నేను అనడం లేదు. కలిపితేనే అందం. పాంపేలో ఫోరం, అంటే ఊరి నడిబొడ్డు మైదానం, మధ్య నిలబడి ఉత్తరానికి తిరిగితే, జూపిటర్ గుడి విరిగిన స్తంభాల వెనకాల సరిగ్గా వెసూవియస్ కనిపిస్తుంది. పొద్దున మనం నిలబడ్డ అంచు అక్కడే. ఆ రోజు ఆ కొండ పేలుతుందని ఆ ఊరివాళ్ళకి తెలియదు. వాళ్ళ ఇంటి గోడ మీద ఒక బొమ్మ దొరికింది, పచ్చటి ద్రాక్షతోటలతో కొండ, పక్కన ద్రాక్షపళ్ళే ఒళ్ళంతా తొడుక్కున్న దేవుడు. అదే వాళ్ళకి తెలిసిన వెసూవియస్. ఆ చోట మా గ్రూపు ఆగింది ఫొటోకి, మూడు నిమిషాలు. తర్వాత గైడ్ జెండా లేచింది, చెవిలో హెడ్‌సెట్ ‘కమాన్ కమాన్’ అంది.

నాన్న జెండా వెనకాల వెళ్ళలేదు. ఒక రొట్టెల బట్టీ దగ్గర ఆగిపోయారు. అక్కడ నడుం సన్నంగా, పైనా కిందా వెడల్పుగా, మనిషి ఛాతీ ఎత్తున లావా రాతి తిరగళ్ళు వరసగా ఉన్నాయి. పై రాయికి పక్కల చదరపు చిల్లులు. అందులో కర్ర దూర్చి గాడిదని కడితే గుండ్రంగా తిరుగుతుంది. ‘మన గానుగెద్దు లాగానే’ అని ఆయన కింద రాళ్ళు పరిచిన నేల చూస్తున్నారు, పశువు తిరిగిన చోట అరుగుదల ఉంటుందేమోనని. చిన్నప్పుడు వాళ్ళమ్మ కంది తిరగలి విసురుతుంటే పక్కన కూర్చుని గింజలు పోసేవారట. ఆ కథ నలభై ఏడేళ్ళలో నాకు ఎప్పుడూ చెప్పలేదు. సగంలో ఉండగా టూర్ మేనేజర్ పరిగెత్తుకుంటూ వచ్చాడు, ‘సార్ సార్, నౌక వెళ్ళిపోతుంది సార్’ అని.

ఇక్కడ ఇంకో విషయం. నౌక కంపెనీ వాళ్ళే అమ్మే టూర్ అయితే, బస్సు ఆలస్యమైనా సాధారణంగా నౌక ఆగుతుంది. మీరు సొంతంగా మాట్లాడుకున్న బస్సయితే ఆగదు. ఖర్చు తగ్గించడానికి మీరు సొంత బస్సు పెట్టారు, దాంట్లో తప్పు లేదు. కానీ ఆ తేడా మాకు ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నం నుంచి టూర్ మేనేజర్ ముఖంలో ఉన్న టెన్షన్ ఎందుకో నాకు రేవులో గాని అర్థం కాలేదు. షాపులో నలభై నిమిషాలు కూర్చోబెట్టినప్పుడు మాత్రం ఆ టెన్షన్ కనిపించలేదనుకోండి.

గేటు దగ్గర ఇరవై నిమిషాలు ఎందుకు పోయాయో కూడా చెప్తాను. 2024 నవంబర్ నుంచి పాంపేలో రోజుకి 20,000 మందికే ప్రవేశం, టికెట్ మీద పేరు ఉండాలి. మీరు ఇంటిపేర్లని ఒకచోట ముందూ ఒకచోట వెనకా పెట్టారు. నాన్న పాస్‌పోర్టులో మూడు మాటల పేరుంటే టికెట్ మీద ఒక మాటే ఉంది. కౌంటర్‌లో ఆవిడ ఓపిగ్గా అన్నీ సరిచూసి పంపింది. మన పేర్ల సంగతి మనకి తెలియనిదా, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు కొట్టడానికి ఏమిటి?

అన్నిటికంటే నాకు ఇప్పటికీ కలుక్కుమనేది ఇంకోటి. బయటికి వచ్చే దారిలో గాజు పెట్టెలో ఒక మనిషి రూపం ఉంది. మోకాళ్ళు ముడుచుకుని, చేతులు ముఖానికి అడ్డం పెట్టుకుని. అమ్మ చూసి ‘ఎంత బాగా చెక్కారో’ అంది. మేం అప్పటికే పరుగులో ఉన్నాం. రాత్రి కేబిన్‌లో పడుకున్నాక చెప్పాను. అవి శిల్పాలు కావమ్మా, బూడిద గట్టిపడ్డాక లోపల శరీరం కరిగిపోయి ఖాళీ మిగిలింది, 1863లో ఫియొరెల్లి అనే ఆయన ఆ ఖాళీల్లో పల్చటి ప్లాస్టర్ పోయించాడు, అది గడ్డకట్టాక పైన బూడిద తీసేస్తే ఆ మనిషి ఆఖరి క్షణంలో ఎలా ఉన్నాడో అలా వచ్చింది, లోపల ఎముకలు ఇంకా ఉంటాయి, అని. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘ముందే చెప్పి ఉంటే ఒక్క నిమిషం ఆగి దణ్ణం పెట్టుకునేదాన్ని కదే’ అంది.

ఆ ఒక్క నిమిషం మా ప్యాకేజీలో లేదు.

ఇప్పుడు నేను అడిగేవి. ఏవీ మీకు పెద్ద ఖర్చు కావు. బుకింగ్ రోజునే కొండ దారి ఫొటో చూపించండి, బూట్లు తప్పనిసరి అని చెప్పండి, మోకాళ్ళ సంగతి అడగండి. గాలి ఎక్కువగా ఉన్నా వాతావరణం బాగాలేకపోయినా పై దారి మూసేస్తారని, అప్పుడు ఆ సమయం పాంపేకి కలుస్తుందని ముందే రాసివ్వండి. షాపు తీసేయండి. కూర్చుని తినే భోజనం బదులు పొట్లాలు కట్టించండి. మనవాళ్ళకి అక్కడి పాస్తా ఎలాగూ ఎక్కదు, సగంమంది ఆవకాయ సీసా వెంట తెచ్చుకున్నారు. ఆ రెండిటిలోనే గంటన్నర మిగులుతుంది.

ఎక్కలేనివాళ్ళని కొండ మీదికి లాక్కెళ్ళి గోడ మీద కూర్చోబెట్టకండి. గ్రూపులో సగం అలాంటివాళ్ళే ఉంటే, రెండు చిన్న బస్సులు పెట్టండి. ఒకటి కొండకి, ఒకటి నేరుగా పాంపేకి. పాంపేలో ఆంఫిథియేటర్ వైపు గేటు నుంచి చక్రాల కుర్చీ కూడా వెళ్ళేలా మూడు కిలోమీటర్లకు పైగా చదును దారి 2016లో వేశారు. ‘అందరికీ పాంపే’ అని దానికి పేరే పెట్టారు. మా అమ్మ ఆ దారిన పొద్దున్నే, ఎండ ముదరకముందే, మెల్లగా నడిచి ఉండేది. మీరు మమ్మల్ని ఎక్కించింది ఇంకో గేటు, పోర్టా మరీనా. పేరుకి తగ్గట్టు పాత రేవు వైపు ద్వారం, ఏటవాలు, నున్నగా అరిగిన రాళ్ళు. మధ్యాహ్నం రెండున్నరకి, చెట్టు నీడ లేని చోట.

టైము మరీ తక్కువ ఉన్న రోజున కొండకి జతగా పాంపే బదులు, అదే పేలుడులో పూడిపోయిన ఇంకో ఊరు హెర్క్యులేనియం పెట్టొచ్చు. కొండ ఎక్కే రోడ్డు ఆ ఊరి దగ్గరే మొదలవుతుంది, ఊరు చిన్నది, రెండు గంటల్లో తృప్తిగా చూడొచ్చు. అక్కడ చెక్క తలుపులు, మేడమెట్లు కూడా మాడి మిగిలాయి. పేరు తెలియదు కాబట్టి జనం కొనరు అంటారేమో. మీరు చెప్తే కొంటారండీ. అసలు మొదట నాకు పాంపే పేరు చెప్పిందీ మీ బ్రోచరే.

ఆఖరిది, మన తెలుగువాళ్ళకి మీరు చెప్పాల్సింది, ఇంతవరకు ఏ బ్రోచర్లోనూ నాకు కనిపించనిది. 1938లో పాంపేలో ఒక ఇంట్లో జానెడు పైచిలుకు దంతపు బొమ్మ దొరికింది. కడియాలు, మొలనూలు, జడ, ఇరుపక్కలా ఇద్దరు చిన్న చెలికత్తెలు. పాంపే లక్ష్మి అంటారు, యక్షిణి అని కొందరు పండితులు. అది మన దేశం నుంచి సముద్రం మీద వెళ్ళిన బొమ్మ. దాని పోలికలతో ఉన్న దంతపు బొమ్మ మహారాష్ట్రలోని భోకర్దన్ తవ్వకాల్లో దొరికింది. శాతవాహనులు ఏలిన దక్కను అది. సంగారెడ్డి జిల్లాలోని మన కొండాపూర్ తవ్వకాల్లో రోమన్ నాణేలు బయటపడ్డాయి. అటు నుంచి నాణెం, ఇటు నుంచి బొమ్మ. ఆ బొమ్మ ఇప్పుడు పాంపేలో లేదు, నేపుల్స్ పురావస్తు మ్యూజియంలో ఉంది. మన నౌక ఆగిన రేవు నుంచి రెండు కిలోమీటర్లు. కొండా వద్దు, ఊరూ వద్దు, కాళ్ళు నొప్పులు అనేవాళ్ళకి అక్కడికి టాక్సీ చాలు. మంగళవారం సెలవు, అది మాత్రం చూసుకోండి. నాన్నకి ఈ సంగతి ఇంటికొచ్చాక తెలిసింది. ‘అంత దూరం వెళ్ళి మన అమ్మాయిని పలకరించకుండా వచ్చామా’ అన్నారు.

నాకు డబ్బు వాపసు అక్కర్లేదు. మా పెద్దమ్మ కొడుకు వాళ్ళ అత్తమామల్ని వచ్చే వేసవిలో ఇదే క్రూజ్‌కి పంపుతున్నాడు. మీలో ఒకరికి అడ్వాన్స్ కట్టేశాడు. మామగారికి స్టెంట్ వేశారు. మొన్న వాళ్ళ ఐటినరరీ నాకు వాట్సాప్ చేశాడు, ఎలా ఉంది అక్కా అని. ఐదో రోజు, నేపుల్స్. ‘ఈజీ వాక్’ ఇంకా అక్కడే ఉంది. ముందు ఆ రెండు మాటలు కొట్టేయండి.

ఇట్లు,
ఆ కొండ మీద అమ్మని గంటకి పైగా ఎండలో వదిలేసిన ఒక కూతురు